మెట్ట అనే మాట

మా చిన్నాయనకి నేను చేసే పని ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. కంప్యూటర్ పని అని మాత్రం తెలుసు. అందుకే భూమి కాగితాలతో ఏ ఇబ్బంది వచ్చినా నాకే ఫోన్ చేస్తాడు. భూమి కూడా ఇప్పుడు కంప్యూటర్‌లోనే ఉంది కాబట్టి అది నా శాఖే అని ఆయన లెక్క. 2017 ఎండాకాలంలో ఒకరోజు, నేను బెంగళూరులో ఆఫీసు బస్సులో ఉండగా చేశాడు.

"ఏమప్పా, ఎర్రమంచి కాడ కార్ల ఫ్యాక్టరీ వస్తాదంట. మన సేను ఆన్‌లైన్‌లో ఎట్లుందో రవ్వంత సూడు."

మీభూమి పోర్టల్ తెరిచి అడంగల్ చూశాను. మూడెకరాల నలభై సెంట్లు. నేల: మెట్ట. పంట: వేరుశనగ. నీటి ఆధారం: వర్షం. అనుభవదారు కాలమ్‌లో మా జేజినాయన పేరు ఉంది, ఆయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. పట్టాదారు కాలమ్‌లో పేరు లేదు. వరసగా చుక్కలు ఉన్నాయి.

పేజీ సరిగ్గా లోడ్ కాలేదేమో అనుకుని రిఫ్రెష్ కొట్టాను. మళ్ళీ చుక్కలే.

ఆ చుక్కల సంగతి తర్వాత చెప్తాను. ముందు నన్ను వేధించిన ప్రశ్న వేరే. పెనుకొండ మండలంలో, ఎర్రమంచి దగ్గర, శనక్కాయ చేల మధ్యలో ఏడాదికి మూడు లక్షల కార్లు తయారుచేసే ఫ్యాక్టరీ రావాలని ఎక్కడ రాసుంది? నా వృత్తిలో ముందు డిజైన్ ఉంటుంది, తర్వాత కోడ్ ఉంటుంది (కనీసం అలా ఉంటుందని మేనేజర్లకి చెప్తాం). అట్లే ఏదో ఒక ఆఫీసులో గోడకి ఒక మ్యాప్ వేలాడుతూ ఉంటుందని అనుకున్నా. పొలాలకి పచ్చ, ఇళ్ళకి పసుపు, పరిశ్రమలకి ఊదా. ఆ మ్యాప్ మీద ఎర్రమంచికి ఎప్పుడో ఊదా రంగు పూసి ఉంటారు, మనకే తెలియలేదు అనుకున్నా. చాలా శని ఆదివారాలు దాని కోసం వెతికాను. అట్లాంటి మ్యాప్ లేదు. దాని బదులు ఇంకోటి దొరికింది, దాని వయసు రెండు వందల ఏళ్ళ పైమాటే.

మ్యాప్‌తో నడిచే దేశాలు లేకపోలేదు. బ్రిటన్ 1947లో పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం చేసుకుంది. 1948 జులై 1 నుంచి అక్కడ భూమి నీదే, కానీ దాని వాడకాన్ని మార్చే హక్కు నీది కాదు. చేనులో ఇల్లు కట్టాలన్నా స్థానిక సంస్థ అనుమతి కావాలి, ఆ సంస్థ తన ప్రణాళికని చూసి అవుననో కాదనో చెప్పాలి. తమాషా ఏమిటంటే, మన స్వాతంత్ర్య చట్టాన్ని ఆమోదించిందీ, ఈ ప్రణాళికా చట్టాన్ని ఆమోదించిందీ ఒకటే పార్లమెంటు, ఒకటే ఎండాకాలం. మొదటిది మనకి వచ్చింది, రెండోది వాళ్ళ దగ్గరే ఉండిపోయింది.

కొరియా సంగతి ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే మన కథలోని కంపెనీ అక్కడిది. దక్షిణ కొరియాలో దేశం మొత్తానికి ఒకే భూవినియోగ చట్టం ఉంది, 2003 మొదటి రోజు నుంచి అమల్లో ఉంది. అంతకుముందు పట్టణాలకి ఒకటి, మిగతా నేలకి ఒకటిగా ఉన్న చట్టాలని కలిపి దాన్ని చేశారు. దేశంలోని ప్రతి గజం నేలా నాలుగు తరగతుల్లో ఏదో ఒకదాంట్లో పడాల్సిందే: పట్టణ ప్రాంతం, నియంత్రిత ప్రాంతం, వ్యవసాయ అటవీ ప్రాంతం, ప్రకృతి సంరక్షణ ప్రాంతం. ఇంత కట్టుదిట్టంగా ఉంటే ఏమవుతుందో కియా వాళ్ళకి బాగా తెలుసు. సియోల్ పక్కన గ్వాంగ్‌మ్యోంగ్‌లో వాళ్ళ పాత ఫ్యాక్టరీ ఉంది. దాన్ని కట్టడం మొదలయ్యాక, 1971లో ప్రభుత్వం సియోల్ చుట్టూ గ్రీన్‌బెల్ట్ గీసింది. ఆ గీత ఫ్యాక్టరీని కూడా లోపలేసుకుంది. యాభై ఏళ్ళ తర్వాత కూడా, సొంత ఆవరణలో ఎలక్ట్రిక్ కార్ల కోసం మార్పులు చేయాలన్నా గ్రీన్‌బెల్ట్ రుసుము లెక్కలోకి వచ్చింది. రంగు ముందు పూసేశారు, లోపల ఏముందో తర్వాత చూసుకున్నారు.

అలాంటి దేశం నుంచి వచ్చిన కంపెనీ, 2017 ఏప్రిల్ 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు. 2019 జనవరిలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది, ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. చేను నుంచి కారు వరకు రెండేళ్ళ చిల్లర. కొరియాలో అయితే రంగు మార్చడానికే అంతకన్నా ఎక్కువ పట్టేదేమో.

ఇక్కడ అంత తొందరగా ఎలా అయింది? చెరిపేయడానికి రంగే లేదు కాబట్టి.

మన రాజ్యాంగంలో భూమి రాష్ట్రాల జాబితాలో, 18వ పద్దులో ఉంది. ఢిల్లీ సలహాలు ఇవ్వగలదు, నమూనా చట్టాలు రాసి పంపగలదు. 2013లో జాతీయ భూవినియోగ విధానం అని ఒక ముసాయిదా కూడా తయారుచేశారు. అది ముసాయిదాగానే ఉండిపోయింది. రాష్ట్రాల్లో ఉన్నవేమో పట్టణ ప్రణాళికా చట్టాలు. 1915లో బొంబాయిలో మొదటిది వచ్చింది, 1920లో మద్రాసులో వచ్చింది, మన ఆంధ్ర ప్రాంతానికి ఆ మద్రాసు చట్టమే వారసత్వంగా దక్కింది. పేరులోనే ఉంది, పట్టణ. హిందూపురానికో ధర్మవరానికో వీధుల వెడల్పు, మార్కెట్ స్థలం, కాలువలు. పట్టణం పొలిమేర దాటితే ప్లానర్ ఆగిపోతాడు, అక్కడి నుంచి తాసీల్దారు మొదలవుతాడు. ఎర్రమంచి పొలిమేర దాటాక ఉన్న ఊరు. అనంతపురం నుంచి హిందూపురం దాకా పట్టణాభివృద్ధి సంస్థ అని ఒకటి, 2016లో రాష్ట్రం చేసిన కొత్త చట్టం కింద, ఫ్యాక్టరీ మాట వినబడిన కాలంలోనే వచ్చింది. అంటే బండి ముందు వచ్చింది, రోడ్డు గుర్తులు వెనకాల వచ్చాయి.

కాబట్టి మన దగ్గర పొలాల గతిని నిర్ణయించింది ప్లానింగ్ శాఖ కాదు, రెవెన్యూ శాఖ. అది చేసిన మనిషి ఎవరో సీమలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నా చిన్నప్పుడు కూడా పెద్దవాళ్ళ నోట మన్రోలప్ప అనే పేరు విన్నాను. ఒక దొర పేరుని సాగదీసి, అప్ప తగిలించి, బిడ్డలకి పెట్టుకున్న ప్రాంతం ఇది.

1800లో నిజాం ఈ జిల్లాలని కంపెనీకి దత్తం చేశాడు. అంతకు ముందు ఏడాదే టిప్పు పడిపోయాక పెనుకొండ వైపు నేల నిజాం చేతికి వెళ్ళింది. అది చేతిలో ఆరకముందే కంపెనీకి ఇచ్చేశాడు. బండి నారాయణస్వామి 'శప్తభూమి' చదివినవాళ్ళకి (2019లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది, చదవకపోతే చదవండి) అంతకు కాస్త ముందటి అనంతపురం ఎలా ఉండేదో ఒక ఊహ ఉంటుంది. పాలెగాళ్ళు, దండ్లు, కప్పాలు, కరువు. ఆ నేల మీదికి ప్రధాన కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఏడేళ్ళు ఉన్నాడు. 1802లో సర్వే మొదలుపెట్టాడు.

ఆ సర్వే పద్ధతి చదువుతుంటే ఒక ఇంజినీరుగా నాకు ముచ్చటేసింది, దాచుకోను. కొలత గొలుసు పొడవు 33 అడుగులు. ఎందుకు 33? నాలుగు పక్కలా ఒక గొలుసు ఉన్న చదరం 1089 చదరపు అడుగులు, అది ఒక గుంట. అట్లాంటివి నలభై అయితే 43,560, సరిగ్గా ఒక ఎకరం. ఊరి గుమాస్తా కాలిక్యులేటర్ లేకుండా వేళ్ళ మీద లెక్క కట్టగలడు. గొలుసు పొడవులోనే భాగహారం దాచిపెట్టాడు. ఇవాళ అపార్ట్‌మెంట్ బ్రోషర్లలో 'ఇరవై గుంటల్లో' అని చదివినప్పుడల్లా నాకు ఆ గొలుసు చప్పుడు వినిపిస్తుంది.

కొలిచాక, ప్రతి చేనుకీ ఒక సంఖ్య. ప్రతి సంఖ్యకీ ఒక రకం: నీరు పారే నేల తరి, తోట నేల బాగాయతు, వాన మీద ఆధారపడ్డ నేల మెట్ట. ఒక్కో రకంలో నేల సారాన్ని బట్టి తరాలు. తరాన్ని బట్టి శిస్తు. రైతు నేరుగా సర్కారుకే కట్టాలి, మధ్యలో జమీందారు లేడు. ఏ ఏడాది ఎంత నేల దున్నుతాడో, ఎంత వదిలేస్తాడో రైతు చెప్పుకోవచ్చు. ఇదే రైత్వారీ. కాగితం మీద ఎంత అందమైన పద్ధతో, శిస్తు మాత్రం అంత బరువు. అది మన్రోకే తెలుసు. 1807లో సెలవు మీద వెళ్ళేముందు శిస్తుని నాలుగో వంతు తగ్గించమని పైకి రాశాడు. పైవాళ్ళు వినలేదు, సరికదా రైత్వారీనే పక్కన పెట్టేసి ఊళ్ళని మొదట మూడేళ్ళకి, తర్వాత పదేళ్ళకి గుత్తకిచ్చారు. అది బెడిసికొట్టింది. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక పాత పద్ధతి మళ్ళీ వచ్చింది, ఈసారి ఉండిపోయింది. 1827లో ఆయన కలరాతో పోయింది కూడా ఈ జిల్లాల్లోనే, పత్తికొండలో.

ఇక్కడ ఒకటి గమనించాలి. మెట్ట అని రాసినప్పుడు మన్రో మనుషులు ఆ నేల భవిష్యత్తు గురించి ఏమీ అనలేదు. 'దీని మీద ఇంతకంటే శిస్తు రాదు' అని మాత్రమే అన్నారు. అది వసూళ్ళ లెక్క. కానీ రిజిస్టర్లకి ఒక గుణం ఉంది. ఒక కారణం కోసం పెట్టిన కాలమ్‌ని, ఆ కారణం పోయాక కూడా ఎవరూ తీసేయరు. ఇంకో అవసరం వచ్చినప్పుడు, అప్పటికే నింపి ఉన్న కాలమ్ అదొక్కటే కాబట్టి, దాన్నే చదువుతారు. నేను పనిచేసే చోట ఇరవై ఏళ్ళ కిందటి డేటాబేస్ ఒకటి ఉంది. అందులో ఫ్యాక్స్ నంబర్ అనే కాలమ్‌లో ఇప్పుడు వాట్సాప్ నంబర్లు ఉన్నాయి. నవ్వుకుంటాం గానీ, మెట్ట అనే మాటకి జరిగింది కూడా అదే.

భూమి శిస్తు ఇప్పుడు సర్కారు ఆదాయంలో చెప్పుకోదగ్గది కాదు. ఐనా మెట్ట అనే మాట పోలేదు. 2013లో పార్లమెంటు కొత్త భూసేకరణ చట్టం చేసింది, 1894 నాటి పాత చట్టం స్థానంలో. అందులో ఒక మంచి నియమం ఉంది: నీటి వసతితో రెండు మూడు పంటలు పండే నేలని ఇక గత్యంతరం లేకపోతే తప్ప తీసుకోకూడదు. తిండిగింజల భద్రత కోసం పెట్టారు, కాదనలేం. కానీ దాన్ని తిప్పి చదవండి. ఏ నేల తీసుకోవచ్చు? వాన మీద ఆధారపడ్డ నేల. అది ఎక్కడుంది? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కూడా నమ్మకంగా పడని అనంతపురంలో కావలసినంత ఉంది. కృష్ణా డెల్టాలో తరి అని రాసుంటే అది కవచం. మా దగ్గర మెట్ట అని రాసుంటే అది ఆహ్వాన పత్రిక. ఎవరూ గీయని మ్యాప్ అట్లా తయారైంది, ఒక్క ప్లానర్ కూడా లేకుండా, 1802 నాటి శిస్తు తరగతుల నుంచి.

ఎర్రమంచిని ఎంచుకోవడానికి ఇదొక్కటే కారణం అనడం లేదు. నాలుగు వరసల రోడ్డు, పక్కనే రైలు మార్గం, బెంగళూరు విమానాశ్రయం దగ్గర, ఇన్ని ఉన్నాయి. నీళ్ళ సంగతి చూడండి. హంద్రీ-నీవా పథకంలో శ్రీశైలం నుంచి ఎత్తిపోసుకుంటూ తెచ్చిన కృష్ణా నీళ్ళు పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయర్‌కి చేరుతాయి. ఫ్యాక్టరీకి నీళ్ళు అక్కడి నుంచే. కృష్ణ నీళ్ళు వస్తే మా మెట్ట తరి అవుతుందని జేజినాయన కాలం నుంచీ చెప్పుకున్నారు. నీళ్ళు వచ్చాయి. అడంగల్‌లో నీటి ఆధారం కాలమ్ మాత్రం మారలేదు.

ఈ వ్యవస్థ ఎలా సర్దుకుంటుందో చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళు బతికింది ఆ గుణం వల్లే. దీనికి పెద్ద సవరణలు ఉండవు, అతుకులు ఉంటాయి. పొలంగా కాకుండా వేరే పనికి వాడే నేల మీద 1963లో ఒక పన్ను చట్టం వచ్చింది. జనం దాన్ని పొట్టిగా 'నాలా' అన్నారు. 2006లో దాని స్థానంలో భూమి మార్పిడి చట్టం వచ్చింది, జనం నోట పేరు మాత్రం నాలానే. రెవెన్యూ డివిజన్ అధికారికి దరఖాస్తు పెట్టుకుని, భూమి విలువలో ఇంత శాతం అని కడితే చేను చేను కాకుండా పోయేది. ముందు కట్టకుండా మార్చేసినా, పన్నుతో పాటు జరిమానా కడితే మారినట్టే లెక్కేసేవారు. ఇక్కడ ఈ నేల మారవచ్చా అనేది అసలు ప్రశ్నగా ఉండేది కాదు, కట్టావా లేదా అనేదే ఉండేది. బ్రిటన్ అధికారి ప్రణాళిక చూసి జవాబిస్తాడు, మన అధికారి రసీదు చూసి జవాబిచ్చేవాడు.

దీన్ని తిట్టడం తేలిక. నేనూ చాలాకాలం తిట్టాను. ఇప్పుడు అంత ధైర్యంగా తిట్టలేను. ఆకుపచ్చ గీత గీసి యాభై ఏళ్ళు బిగుసుకుని కూర్చునే వ్యవస్థలో ఎర్రమంచి పిల్లలకి ఇంటి దగ్గర ఉద్యోగం దొరికేదా? మా ఊరి కుర్రాళ్ళు ఇప్పుడు యూనిఫాం వేసుకుని బస్సెక్కుతున్నారు. వాళ్ళ నాయనలు అదే వయసులో మూటలు కట్టుకుని బెంగళూరు కట్టడం పనులకి పోయినవాళ్ళు. వానకి వదిలేసిన జిల్లాలో ఇది చిన్న మార్పు కాదు.

కానీ అదే మెత్తదనం ఇంకోవైపు ఎలా పనిచేసిందో చూడాలంటే ఎర్రమంచి నుంచి చాలా దూరం పోనక్కర్లేదు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో ఎనిమిది వేల ఎకరాలకి పైగా ఇచ్చారు. అంటే ఎర్రమంచి లాంటి ఫ్యాక్టరీలు పదిహేను పట్టే నేల. హబ్ రాలేదు. సీబీఐ కేసు వచ్చింది, ఈడీ జప్తులు వచ్చాయి, భూములు బ్యాంకు రుణాల్లో, కోర్టుల్లో చిక్కుకున్నాయి. ఎర్రమంచిలో కారు తయారైంది, అక్కడ ముళ్ళకంప మొలిచింది. రెండు చోట్లా మెట్ట ఒకటే, అధికారాలు ఒకటే, పద్ధతి ఒకటే. తేడా ఎక్కడుందంటే, వచ్చిన కంపెనీలో ఉంది. ఒక ప్రాంతం తలరాత అవతలి పక్షం మంచి చెడుల మీద ఆధారపడితే దాన్ని ప్రణాళిక అనగలమా? అదృష్టం అంటాం. శనక్కాయ సేద్యానికి కూడా మా వాళ్ళు ఆ మాటే వాడతారు.

ఇక చుక్కల దగ్గరికి వస్తాను.

మన్రో సర్వే తర్వాత మద్రాసు ప్రభుత్వం మళ్ళీ కొలిచింది, మళ్ళీ శిస్తులు కట్టింది. అప్పుడు తయారైన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ ఇప్పటికీ మా జిల్లాల్లో అన్నిటికీ మూలం. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉంటాయి కాబట్టి ఆఫీసుల్లో దాన్ని డైగ్లాట్ అంటారు. అందులో ప్రతి సంఖ్య ఎదురుగా ఆ నేల ఎవరిదో రాయాలి. సర్కారు నేలైతే ఆ మాట రాశారు, పట్టా అయితే రైతు పేరు రాశారు. ఎవరిదో తేలనప్పుడు, లేదా అడిగిన రోజు చెప్పడానికి ఎవరూ లేనప్పుడు, చుక్కలు పెట్టి ముందుకుపోయారు. తర్వాత ఎవరో వచ్చి నింపుతారని కాబోలు.

ప్రోగ్రామింగ్‌లో దీన్ని నల్ అంటాం. నల్ అంటే సున్నా కాదు, 'లేదు' కాదు, 'తెలీదు' అని. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలో నేర్పే పాఠం: నల్‌ని సున్నాగా చదవకు, సిస్టమ్ కూలిపోతుంది. మా తరం నేర్చుకున్న ఈ పాఠం రెవెన్యూ శాఖ నేర్చుకోలేదు. వందేళ్ళలో ఆ చుక్కల అర్థం మెల్లగా జారిపోయింది. 'ఎవరిదో తెలీదు' అన్నది 'ఎవరిదీ కాదు' అయింది. ఎవరిదీ కాకపోతే సర్కారుదే కదా.

కరణాలు ఉన్నన్నాళ్ళూ ఇది బయటపడలేదు. చుక్కల వెనక ఎవరున్నారో కరణానికి తెలుసు. (మన సీమ కథల్లో కరణం చాలామాట్లు కనిపిస్తాడు, ఎక్కువగా దుర్మార్గుడిగా. చాలామంది అందుకు తగినవాళ్ళే. కానీ ఆయన చేతిలో పుస్తకం గురించి మన కథకులు రాసింది తక్కువ.) 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు వ్యవస్థని ఒక్క దెబ్బతో తీసేసింది, మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. కులం పట్టు సడలింది, మంచిదే. కానీ పుస్తకాలు మూటలుగా మండలాఫీసుకి చేరాయి, ఆ పుస్తకాల్లో రాయని సంగతులు కరణాలతోనే ఇంటికి పోయాయి. తర్వాత ఆ మూటల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. చుక్కలు చుక్కలుగానే ఎక్కాయి.

ఆ తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ అనే సెక్షన్ కింద, సర్కారు భూముల జాబితాలు సబ్‌రిజిస్ట్రార్లకి వెళ్ళాయి. ఆ జాబితాలో ఉన్న సర్వే నంబరుకి అమ్మకం లేదు. మంచి ఉద్దేశమే, లేకపోతే చెరువులు కూడా ప్లాట్లయ్యేవి. ఆ జాబితాల్లో చుక్కల భూములూ చేరాయి. మా మూడెకరాల నలభై సెంట్లు కూడా.

2017లో దీనికీ ఒక అతుకు వచ్చింది, చుక్కల భూముల చట్టం. పన్నెండేళ్ళుగా అనుభవంలో ఉన్నట్టు కాగితాలు చూపిస్తే, కలెక్టరు అధ్యక్షతన ఉన్న కమిటీ పరిశీలించి చుక్కల స్థానంలో పేరు రాయిస్తుంది. ఎర్రమంచికి ఫ్యాక్టరీ వచ్చిన ఏడాదే ఈ చట్టమూ వచ్చింది. చిన్నాయన శిస్తు రసీదులు పట్టుకొచ్చాడు. ఒక రేకు పెట్టెలో, జేజి పెళ్ళిచీర కింద, 1950ల నాటివి కూడా ఉన్నాయి. నేను స్కాన్ చేసి, ఒక్కో ఏడాదికి ఒక్కో ఫైలు పేరు పెట్టి, పెన్ డ్రైవ్‌లో ఇచ్చాను. మేం వెళ్ళిన ఆఫీసులో గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జిరాక్సులు తీసుకురాండి సార్" అన్నాడు. జిరాక్సులు ఇచ్చాం. ఆ ఫైలు పోయిందన్నారు. మళ్ళీ ఇచ్చాం. కొత్త అధికారి వచ్చారు. ఎన్నికలొచ్చాయి. కరోనా వచ్చింది.

ఆ సంవత్సరాల్లో మా చేనుకి తూర్పు గట్టు అవతల ఏం జరిగిందో కూడా చెప్పాలి. అవతలి చేను పట్టా భూమి. అదే మట్టి, అదే మెట్ట, అదే శనక్కాయ. వందేళ్ళ కిందట ఆ ఇంటి పెద్ద సర్వే రోజున ఊళ్ళో ఉన్నాడు, మా ముత్తాత లేడు. బహుశా అంతే తేడా. వాళ్ళు ఎకరాలుగా అమ్మారు. కొన్నవాళ్ళు నాలా కట్టి, గజాలుగా కోశారు. వాళ్ళ పెద్దబ్బాయి బెంగళూరులో ఇల్లు కొన్నాడు. చిన్నాయన తన కూతురి పెళ్ళికి చేను మీద బ్యాంకులో అప్పు అడిగితే, పట్టా కాలమ్ చూసి వెనక్కి పంపారు. వడ్డీకి తెచ్చాడు. ఈ సంగతి నాకు పెళ్ళి అయిపోయాక తెలిసింది. ముందే చెప్పుంటే నేను ఇచ్చేవాణ్ణి. చెప్పలేదు. నన్ను అడిగింది ఆన్‌లైన్‌లో చూడమని మాత్రమే.

చుక్కలకన్నా డీ-పట్టాలది ఇంకా పాత గొడవ. పేదలకిచ్చిన భూమి అమ్ముకోకూడదని 1977లో చట్టం చేశారు, వాళ్ళని కాపాడటానికే. కానీ సర్కారే తిరిగి తీసుకునేటప్పుడు పరిహారం పట్టా రైతుతో సమానమా కాదా అన్నది తేలడానికి 2004 దాకా, చేవెళ్ళ కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం సమానమే అని చెప్పేదాకా పట్టింది. మళ్ళీ 2023లో, ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డ్ భూమికి అమ్మకం హక్కు ఇస్తూ రాష్ట్రం ఆ చట్టాన్నే సవరించింది. ఒకే ముక్క నేలకి రక్షణ అనే మాట యాభై ఏళ్ళలో ఇన్ని అర్థాలు మార్చుకుంది.

2020 డిసెంబరులో రాష్ట్రమంతా రీసర్వే మొదలైంది. ఈసారి గొలుసు లేదు, డ్రోన్ ఉంది. ఊరంతా డాబాలెక్కి చూశారట. 2022లో టైటిల్ చట్టం చేశారు, 2023 చివర్లో అమల్లోకి తెచ్చారు, ఎన్నికల్లో అదే పెద్ద రగడైంది, 2024లో కొత్త ప్రభుత్వం రద్దు చేసింది. ఆ రగడలో ఎవరి మాట నిజమో నేను చెప్పబోవడం లేదు. ఒక్కటే గమనించాను: పుస్తకంలో ఏదో మారుస్తారంటే జనానికి ఎంత భయమో. రెండు వందల ఏళ్ళుగా ఆ పుస్తకం ఏం చేయగలదో చూసినవాళ్ళ భయం అది, చదువురానివాళ్ళ భయం కాదు.

2023లో చుక్కల భూముల్ని నిషేధిత జాబితా నుంచి తీసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. కొన్ని నెలలకి మా సర్వే నంబరు కూడా బయటికి వచ్చింది. నేను ఆ రాత్రి అడంగల్ తెరిచి చూశాను. పట్టాదారు కాలమ్‌లో చిన్నాయన పేరు, మా నాయన పేరు. నాయన పేరులో ఒక అక్షరం తప్పు పడింది. దాన్ని సరిచేయించడానికి మళ్ళీ దరఖాస్తు పెట్టాలి.

పోయిన సంక్రాంతికి ఇద్దరం చేను దగ్గరికి నడిచాం. తూర్పు గట్టు అవతల ప్లాట్ల రాళ్ళు తెల్లగా వరసలో ఉన్నాయి, ఒక్క ఇల్లు కూడా లేవలేదు. వాటి మధ్య ఎవరివో మేకలు మేస్తున్నాయి. మా వైపు కూడా నాలుగేళ్ళుగా విత్తనం పడలేదు. చిన్నాయనకి మోకాళ్ళు పనిచేయవు, కూలోళ్ళు ఫ్యాక్టరీ క్యాంటీన్లకీ, లేఔట్లకీ పోతున్నారు. చెట్టు కింద కూర్చుని ఫోన్ తీసి, ఈ ఏడాది అడంగల్ చూపించాను.

"ఏం పంటని రాసినారు?" అన్నాడు.

వేరుశనగ అని ఉంది, మూడెకరాల నలభై సెంట్లూ.

చిన్నాయన కంపచెట్ల వైపు కాసేపు చూసి, "ఈ తూరి బాగా పండినట్టుందే," అన్నాడు.